మాట్లాడని తగరం

తొమ్మిదో తరగతి పిల్లలకు పదార్థాల వర్గీకరణ పాఠం చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్ళు దాటింది. నల్లబల్ల మీద పైన ‘పదార్థం’ అని రాసి కిందికి రెండు గీతలు లాగుతాను. ఒక గీత కొసన శుద్ధ పదార్థాలు, రెండో గీత కొసన మిశ్రమాలు. శుద్ధ పదార్థాల కింద మళ్ళీ రెండు: మూలకాలు, సమ్మేళనాలు. పిల్లలు స్కేలు పెట్టి మరీ ఆ గీతలు గీసుకుంటారు, పరీక్షలో అదే బొమ్మ దించేసి మార్కులు పట్టుకుపోతారు. ఏ వస్తువు ఏ గీత కింద పడుతుందో తేల్చేదెవరు టీచర్ అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగరు కాబట్టి నేనే చెబుతాను. నాకు తేల్చి చూపించింది పుస్తకం కాదు, మా నాన్న. ఆయన మూడో తరగతి దాటలేదు.

మా నాన్న కళాయి సాయిబు. నేను అబ్బా అని పిలుస్తాను. పాతపట్నంలో హార్బరు వైపు వెళ్ళే రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో మా కొట్టు. కొట్టంటే ఒక గది, ముందు రేకుల పంచ, పంచలో నేలలోకి తవ్విన కొలిమి, అంతే. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగి పాడవుతుందని లోపల తగరం పూత వేయిస్తారు, ఆ పని. స్టీలు గిన్నెలు వచ్చాక ఇళ్ళవాళ్ళు మా సందు మొహం చూడటం మానేశారు. పెళ్ళి వంటల వాళ్ళు, బిర్యానీ హోటళ్ళ వాళ్ళు మిగిలారు. ఈమధ్య ఇత్తడి మీద కొత్తగా మోజు పుట్టిన సీతమ్మధార ఆడవాళ్ళు కూడా కార్లలో దిగుతున్నారు. వాళ్ళు మా సందుని ఫోటోలు తీసుకుని వెళతారు.

ఆ పంచలో నా సిలబస్ అంతా ఉండేది. గోడకు ఆనించిన తగరం కడ్డీలు మూలకం. మూతడబ్బాలో తెల్లటి నవాసారం సమ్మేళనం. బోర్లించిన ఇత్తడి గుండిగలు మిశ్రమం. కాలిన గుండిగలో చిటికెడు నవాసారం వేస్తే గుప్పున తెల్లటి పొగ లేచేది. నవాసారమంటే అమ్మోనియం క్లోరైడని, అందులో కలిసి ఉన్న అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడు వేడికి విడిపోయి, చల్లగాలి తగలగానే మళ్ళీ ఒకటైపోతాయని నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. పొగ మాత్రం ఉయ్యాలలో ఉన్నప్పటినుంచే పీల్చాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సమ్మేళనానికి ఉదాహరణ అడిగితే లేచి నవాసారం అన్నాను. ఉప్పు, నీళ్ళు అనే రాసి ఉంది, ఉన్నది చెప్పు అని మా టీచరు కూర్చోబెట్టింది. క్లాసంతా నవ్వింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు.

నేను పనిచేసే బడి గోపాలపట్నంలో. మా పిల్లల్లో సగం మంది నాన్నలు ఉక్కు ఫ్యాక్టరీలోనో పోర్టులోనో పని కోసం గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. ఏటా ఒకరైనా లేచి, ఉక్కు మూలకమే టీచర్, మా డాడీ అక్కడే చేస్తారు అని పందెం కాస్తారు. డాడీ చేస్తున్నారంటేనే అది కలిపి చేసిందని అర్థం కదా అంటే మొహాలు చిన్నబోతాయి. ఊరి పేరు నిలబెట్టిన వస్తువు మిశ్రమం అంటే వాళ్ళకేదో తక్కువైనట్టు ఉంటుంది. అప్పుడు పెందుర్తి బస్సు చూపిస్తాను. అందులో ఎక్కినవాళ్ళంతా భుజం భుజం రాసుకుంటారు, ఎవరి స్టాపులో వాళ్ళు దిగిపోతారు, అది మిశ్రమం. ఏ నిష్పత్తిలోనైనా ఎక్కొచ్చు. సమ్మేళనం అలా కాదు, లెక్క ప్రకారం కట్టుబడి, పాత గుణాలు వదులుకుని మూడో మనిషైపోవడం. మిశ్రమం తక్కువేం కాదు. మిశ్రమాన్ని శుద్ధమని చెప్పి అంటగట్టడమే తప్పు.

ఆ తప్పు కనిపెట్టడానికి నాన్న దగ్గర ఒక పద్ధతి ఉండేది. కడ్డీని కొలిమి దగ్గరికి తీసుకెళ్ళే ముందు కుడి చెవి పక్కన పెట్టుకుని, రెండు చేతులతో మెల్లిగా వంచేవాడు. కరకరమని చిన్న చప్పుడు వచ్చేది, పక్క గదిలో ఎవరో అప్పడం కొరికినట్టు. వినిపిస్తే తలూపి పనిలో పడేవాడు. వినిపించకపోతే కడ్డీని పక్కన పడేసేవాడు. తగరం మాటాడతాది, సీసం కలిత్తే నోరు మూసుకుంటాది అనేవాడు. ఒక్కో కడ్డీకీ అదే పని, ఇరవై ఉంటే ఇరవైకీ. బీయస్సీలో మా మేడమ్ తగరం వంగినప్పుడు లోపలి స్ఫటికాలు కదిలి ఆ శబ్దం వస్తుందని చెప్పిన రోజు పరుగెత్తుకుంటూ వచ్చి నాన్నకు చెప్పాను. దూదితో గిన్నె తుడుస్తూ, ఇన్నాళ్ళకి తెలిసిందా మీ కాలేజీకి అన్నాడు.

సీసం తగరం కంటే చవక. కలిపితే ఇంకా తేలిగ్గా కరుగుతుంది, పూత పూసిన రోజు అదీ మెరుస్తుంది. కానీ తిండిలోకి దిగిందంటే ఒంట్లోంచి అంత తొందరగా పోదు, పసిపిల్లల బుర్ర మీద పనిచేస్తుంది. సజాతీయ మిశ్రమం అంటే అన్నివైపులా ఒకేలా ఉండేదని పుస్తకం రాస్తుంది. నా మటుకు నాకు అది కంటికి దొరకని మోసం.

సొట్టలు తీసే సుత్తి దెబ్బలు నలభై ఏళ్ళు వినీ వినీ నాన్న చెవులు పోయాయి. సీతమ్మధారలో డాక్టరు చెవి మిషను రాసిచ్చాడు. పెట్టుకుంటే కొలిమి బ్లోయరు విమానంలా మోగుతోందని నాన్న దాన్ని నవాసారం డబ్బా పక్కన మూత పెట్టి ఉంచాడు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. అయినా కడ్డీని వంచడం మానలేదు. చెవి దగ్గర కాకుండా కడుపు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వంచేవాడు. నేను దాన్ని అలవాటు అనుకున్నాను. వయసు మీదపడ్డ మనిషి తన పాత పనిని వదల్లేక చేస్తున్నాడనుకున్నాను.

మొన్నటి మాఘమాసంలో ఒక వంటల మేస్త్రీ ఎనిమిది గుండిగలు తెచ్చి పడేశాడు. గోదావరి వైపు మనిషి, పాతికేళ్ళుగా మా దగ్గరికే వస్తున్నాడు. ఆదివారం పెద్ద పెళ్ళి, శుక్రవారానికి కావాలన్నాడు. కడ్డీలు అయిపోయాయి. నాన్నకు జ్వరంగా ఉండి నన్ను పంపాడు. నాన్న ఎప్పుడూ కొనే కొట్టే, కాకపోతే పాత షావుకారు పోయి కొడుకు కూర్చుంటున్నాడు. కుర్చీ వేసి మేడమ్ అని పిలిచాడు. ఇరవై కడ్డీల కట్ట తెచ్చి, శుద్ధ తగరం అని అచ్చేసిన పరీక్ష కాగితం కూడా ఇచ్చాడు. కాగితం చూస్తే నాకు ముచ్చటేసింది. అది చాలదన్నట్టు, సైన్సు టీచర్ని కదా, పైనున్న ఒక కడ్డీ తీసి మర్నాడు బడికి పట్టుకెళ్ళాను. తూచాను, కొలజాడీ నీళ్ళలో ముంచి సాంద్రత కట్టాను. ఏడుకి కాస్త పైన. సీసం కలిసి ఉంటే ఇంకా బరువు రావాలి. పుస్తకంలో ఉన్న అంకె నా కాగితం మీద దిగితే వచ్చే గర్వం ఉంటుంది చూశారూ, అది మోసుకుంటూ ఇంటికి వచ్చాను.

గురువారం నాన్న కొలిమి రాజేశాడు. ఒక కడ్డీ వంచాడు, ఆగాడు. ఇంకోటి వంచాడు. నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

“ఇది మాటాడ్డం నేదు, బేటీ.”

పరీక్ష చేశానని కాగితం మీద రాసి చూపించాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. కట్టలోంచి మరో కడ్డీ తీశాడు. మేస్త్రీ రేపొస్తాడు, గుండిగలు ఎనిమిదీ అలాగే ఉన్నాయి, నేను సెలవు పెట్టి కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఆయనకు అర్థమయ్యేలా మొహం ముందుకు వెళ్ళి, ఒక్కో అక్షరం పెదవుల మీద పెట్టి మరీ అన్నాను.

“నీకే ఇనపడదు కదబ్బా. అది మాటాడితే మాత్రం నీకేటి తెలుత్తాది?”

ఆయన నా పెదవుల వంక చూసి, తర్వాత చేతిలో కడ్డీ వంక చూశాడు. వంగి గుండిగలో నవాసారం చల్లి, ఆ కడ్డీ రుద్దడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఎనిమిదీ అయిపోయాయి. అద్దాల్లా మెరిశాయి. నేనే గెలిచాననుకున్నాను, ఆ సిగ్గు ఇక్కడ దాచుకోను.

శుక్రవారం పొద్దున లేచేసరికి నాన్న పంచలో కూర్చుని తెల్ల లుంగీ గుడ్డతో గుండిగల లోపల రుద్దుతున్నాడు. ఆ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు. బూడిదరంగు మరక, పెన్సిలు గీతలా నిగనిగలాడుతూ. తెల్లకాగితం మీద సీసం గీసినా అదే రంగు పడుతుందని నేను ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటానో. మిగిలిన కడ్డీలు లెక్కపెడితే తొమ్మిది. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని వంచాను. రెండు మాట్లాడాయి. ఏడు మూగవి. నేను పరీక్ష చేసింది వాడు పైన పెట్టి ఇచ్చిన కడ్డీని. ఒక కడ్డీని చూసి కట్టంతటికీ పేరు పెట్టేశాను. నాన్న ఏ రోజూ అలా చేయలేదు, అందుకే ఇరవై ఉంటే ఇరవైనీ వంచేవాడు.

అంతలో మేస్త్రీ వ్యానుతో దిగాడు. గుండిగలు చూసి సంబరపడ్డాడు. ఇవ్వనని నాన్న చేతులు అడ్డం పెట్టాడు. తప్పు నాన్నది కాదని, కడ్డీలు నేను తెచ్చి నేను బాగున్నాయన్నానని, పూతలో సీసం ఉందని నేను చెప్పాను. మేస్త్రీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఎల్లుండి పెళ్ళి అన్నాడు. ఒక్క పూట వంటకి ఏమైపోద్దండీ, ఎవరు చూడొచ్చారండీ అని బతిమాలాడు. ఇవ్వకపోతే అల్యూమినియం తెచ్చుకుంటాను, ఇక మీ సందులోకి రానండీ అని బెదిరించాడు కూడా. నాన్న ఆయన పెదవులు పట్టుకోలేకపోయాడేమో, మొహం చూసి గ్రహించి, ఒకే మాట చెప్పాడు.

“మీ పిల్లలు తింతారు, మా పిల్లలు తింతారు. నాను ఇవ్వను, మేస్త్రీ గారూ.”

శనివారం సాయంత్రం దాకా గడువిచ్చి మేస్త్రీ విసవిసా వ్యానెక్కాడు. ఎనిమిది గుండిగలూ కాల్చి, పూత కరిగించి తుడిచి, చింతపండూ ఇసకా పెట్టి తోమి, మళ్ళీ మొదటినుంచి వేయాలి. దానికి మాట్లాడే తగరం కావాలి. జుమ్మా నమాజు చేసుకుని వచ్చిన నాన్న తెల్ల లాల్చీ మార్చకుండానే పద అన్నాడు. తొమ్మిది కడ్డీలు గుడ్డలో చుట్టుకుని బయల్దేరాం.

కొట్లో నలుగురైదుగురు బేరమాడుతున్నారు. నేను కడ్డీలు బల్ల మీద పరిచాను. ఇవి తగరం కాదు, ఇందులో ఏడు సీసం కలిపిన మిశ్రమం అన్నాను. షావుకారు కొడుకు తొణకలేదు. కాగితంలో తగరం అని ఉంది కదా మేడమ్, చదువుకున్నవారు మీరే అలాగంటే ఎలా అన్నాడు. కాగితం మీద శుద్ధ పదార్థం, చేతిలో మిశ్రమం, ఏది నమ్మాలో నువ్వే చెప్పు అన్నాను. అప్పుడతను పక్కనున్న మనిషి వైపు తిరిగి నవ్వాడు.

“సూడు బావా, సాయిబు గారికి సెవుడొచ్చి నాలుగేళ్ళయిందా? ఇనపడనోడికి తగరమైతేటి, సీసమైతేటి. ఆయనకేటి తెలుత్తాది?”

నా మాటే. నిన్న నేను మా నాన్న మొహం మీద అన్న మాట, ఇంచుమించు అవే అక్షరాలు, ఈ మనిషి నోట్లోంచి వచ్చాయి. నాకు చెంప పగిలినట్టయింది. అతని మీద వచ్చిన కోపంలో సగం నా మీదే. నాన్న వంక చూశాను. ఆయన అతని పెదవుల వంకే చూస్తున్నాడు. అర్థమైంది, అంతా అర్థమైంది.

నాన్న బల్ల దగ్గరికి వచ్చాడు. కడ్డీల్ని నువ్వే కలిపెయ్ బాబూ అని అతనికే చెప్పాడు. అతను వెటకారంగానే కలిపాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో కడ్డీ అందుకుని, కడుపు దగ్గర పెట్టుకుని, పాత వంపు లేని చోట వంచాడు. వంచి ఒక క్షణం ఆగి, కొన్ని ఎడమకు పెట్టాడు, కొన్ని కుడికి. తొమ్మిదీ అయ్యాక కళ్ళు తెరిచాడు. ఎడమవైపు ఏడు, కుడివైపు రెండు.

నేను ఆ కడ్డీలు ఒక్కొక్కటీ తీసి, సరుకు కోసం వచ్చిన ఒక ముసలాయన చెవి దగ్గర వంచాను. ఎడమవైపువి వంచినప్పుడల్లా ఆయన పెదవి విరిచాడు. కుడివైపు రెండూ వంచినప్పుడు కనుబొమ్మలు లేచాయి, మాటాడింది అన్నాడు. నాన్న ఒక్కటీ తప్పలేదు. గురువారం కూడా తప్పలేదన్నమాట. ఆయన చెవి పోయాక తగరం మాట వేళ్ళలోకి దిగింది. ఆ కరకర చర్మానికి తగులుతుంది. ఇరవై రెండేళ్ళు రసాయనశాస్త్రం చదివి, చెప్పిన నాకు అది తట్టలేదు.

ఆ ముసలాయన నావీ సూడండి సాయిబు గారూ అని తన కట్ట విప్పబోయాడు. షావుకారు కొడుకు గబగబా అడ్డం వచ్చి, లోపలి గదిలోకి వెళ్ళి వేరే కట్ట తెచ్చి మా ముందు పెట్టాడు. నాన్న ఒక్కో కడ్డీ వంచి చూశాడు. అన్నీ మాట్లాడాయి. నాకు అక్కడ అసలు సంగతి తెలిసింది. వర్గీకరణ ఇతనికీ వచ్చు, నాకంటే బాగా వచ్చు. లోపలి గదిలో మంచివి, బయట గదిలో కలిపినవి విడదీసి పెట్టుకున్నాడు. సరుకుతో పాటు మనుషుల్నీ విడదీశాడు. వినగలిగినవాళ్ళకు ఒక కట్ట, వినలేనివాళ్ళకు ఒక కట్ట. ఆ మాట అందరిముందూ గట్టిగానే అన్నాను. సందు చివరి వరకూ వినపడాలనే అన్నాను.

నాన్న మంచి కట్ట చంకలో పెట్టుకున్నాడు. మూగ కడ్డీలు ఏడూ అతని వైపు జరిపాడు. గొంతు పెంచలేదు.

“బాబూ, సెవుడు నా సెవులకే. సేతులకి రానేదు.”

ఆ రోజు మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా ఇద్దరం కొలిమి దగ్గరే ఉన్నాం. నేను ఇసకతో తోమాను, నాన్న పూత వేశాడు. మేస్త్రీ వచ్చి మొహం ముడుచుకునే గుండిగలు ఎక్కించుకున్నాడు. తెల్లగుడ్డ ఒకటి అడిగి తీసుకుని, ఒక్కో గుండిగా లోపల తానే రుద్ది చూసుకున్నాడు. గుడ్డ తెల్లగానే ఉంది. మళ్ళీ వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. రాకపోయినా మేం చేసేది ఇదే పని.

వ్యాను వెళ్ళాక నాన్న ఎదురుగా కూర్చుని, ఆ రోజు అన్న మాటకు తప్పైపోయింది అబ్బా అన్నాను. ఆయన నా పెదవుల వంక చూడటం లేదు, కొలిమిలో నిప్పు సర్దుతున్నాడు. మళ్ళీ అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అప్పుడు తలెత్తి చూశాడు. మిగిలిన కడ్డీ ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నా వెనక కాదు, ఎదురుగానే నిలబడి, మసి కొట్టుకుపోయిన రెండు అరచేతులతో నా రెండు చెవులూ గట్టిగా మూశాడు. వీధి చప్పుడు, బ్లోయరు, హార్బరులో ఓడ కూత అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వంచమన్నట్టు గడ్డం ఊపాడు.

వంచాను. బొటనవేళ్ళ కింద ఏదో సన్నగా పటపటలాడింది.

నాన్న పెదవులు కదిలాయి. ఇన్నావా అని అడుగుతున్నాడు. విన్నానని తలూపాను.